ఐదో చుక్క

ఆఫీసు, మూడో అంతస్తు,
కిటికీ పక్క బల్ల

అన్నయ్యా,

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో మాటకి మనిద్దరం కొట్టుకుంటాం కాబట్టి, వదిన చెప్పినట్టు ఉత్తరాలే మేలు. నీ కంప్యూటరు గొంతు దీన్ని చదివి వినిపించేటప్పుడు కాస్త నిదానంగా పెట్టుకుని విను. ఇది పని ఉత్తరం.

మీ ప్రెస్సు కోసం నేను కట్టిన సైటు ఇవాళ తెరిచాం. ఇకమీదట బడివాళ్లు పాఠ్యపుస్తకాలు పట్టుకుని మీ గుమ్మం ముందు వరస కట్టక్కర్లేదు. కూర్చున్న చోటునుంచే పుస్తకం ఫైలు సైటులోకి ఎక్కిస్తే చాలు. లోపల నా ప్రోగ్రాము ఒక్కో అక్షరాన్నీ బ్రెయిలీ చుక్కల్లోకి మార్చి, పేజీలు కట్టి, ఆ చుక్కల ఫైలు తిరిగి ఇస్తుంది. దాన్ని మీ అచ్చుయంత్రానికి అందిస్తే కాగితం మీద చుక్కలు పొడుచుకుంటూ పోతుంది. ఎక్కించుకోవడం, మార్చడం, తిరిగి ఇవ్వడం. అంతే. "వెబ్ ఫ్రేమ్‌వర్కులో అన్నీ తయారుగా ఉన్నాయి, నీ పనల్లా అతికించడమే" అన్నాడు మా మేనేజరు. ఆ అతికించడంలోనే నా తాతలు దిగొచ్చారు.

బళ్లు తెరిచేలోగా పుస్తకాలన్నీ పిల్లల చేతుల్లో పడాలి. సగం ఏడాది గడిచాక పుస్తకం రావడమంటే ఏమిటో నీకంటే ఎవరికి తెలుసు? నీ పదో తరగతిలో నేను పక్కన కూర్చుని చదివి పెట్టేదాన్ని, నోరు తిరగని మాటలన్నీ ఎగ్గొట్టి. నీకు మార్కులు తగ్గింది అందుకేనని ఇప్పటికీ అంటావు.

అక్కడ ప్రూఫులు చూసేది నువ్వే కదా. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పు. నీకెలాగూ అది లేదు.

నీ
వసపిట్ట


ప్రెస్సు, ప్రూఫుల గది

వసపిట్టా,

నీ ఉత్తరం విన్నాను. ఈ కంప్యూటరు గొంతుకి నవ్వూ తెలీదు, కోపమూ తెలీదు. నువ్వు వేళాకోళమాడినా వాతావరణ సూచనలా చదువుతుంది. అయినా ఎక్కడెక్కడ ఊపిరి తీసుకోకుండా వాగావో పట్టేశాను.

నీ సైటు నుంచి వచ్చిన మొదటి పుస్తకాలు అచ్చేసి చూశాం. మా పద్ధతి నీకు తెలుసు. ఎదుటి కుర్చీలో చూపున్నాయన ఒకడు అసలు పుస్తకం పైకి చదువుతాడు. నేను చుక్కల మీద వేలు నడుపుతూ ఆయన వెంట పోతాను. తేడా వస్తే ఆగమంటాను. నిన్న ఆగీ ఆగీ ఆయన గొంతు తడారిపోయింది.

సామాన్య శాస్త్రం చివరి పాఠం వాక్యం మధ్యలో తెగిపోయింది. "గుండె కుడి గదిలోంచి రక్తం" అని ఆగింది. ఆ రక్తం ఎటు పోయిందో ఆ పైవాడికే తెలియాలి. ఒక బడివాళ్లు చరిత్ర ఎక్కిస్తే ఇంకో బడివాళ్ల భూగోళం చేతికొచ్చిందట. ఒక పుస్తకంలో నాలుగు పేజీల నిండా అర్థంపర్థం లేని చుక్కలు. ఏమిటా అని వాకబు చేస్తే, ఆ బడి మాస్టారు పాఠం బదులు తన పిల్లి ఫొటో ఎక్కించాడు. నీ ప్రోగ్రాము పాపం ఆ పిల్లిని కూడా శ్రద్ధగా చుక్కల్లోకి మార్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు తంటా వేరే ఉంది. 'ర' అక్షరానికి నాలుగు చుక్కలు. ఎడమవైపు నిలువునా మూడు, కుడివైపు నడిమిది ఒకటి. ఆ నడిమిదాన్ని ఐదో చుక్క అంటాం. అది ఎగిరిపోతే మిగిలేది 'ల'. నీ పుస్తకాల్లో ఆ ఐదో చుక్క రాలిపోతోంది. అన్నిచోట్లా కాదు, అక్కడక్కడ. వాచకం మొదటి పాఠంలో కొత్తగా చేరిన పిల్లాణ్ణి పంతులమ్మ "నీ పేరు ఏమిటి?" అని అడగాలి. నా వేలికి తగిలింది "నీ పేలు ఏమిటి?" అని. పిల్లలు పుస్తకం మూసి తల గోక్కుంటారు.

తొందరగా చూడు. సూపర్‌వైజరు ఇప్పటికే గది చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

అన్నయ్య


ఆఫీసు, మూడో అంతస్తు

అన్నయ్యా,

పేలు చదివి ఆఫీసులో పైకే నవ్వేశాను. తరవాత నవ్వు ఆగిపోయింది.

రక్తం ఎటు పోయిందో కనిపెట్టాను. చుక్కల ఫైలు పూర్తిగా రాయడం ముగియకముందే నా ప్రోగ్రాము దాన్ని తిరిగి పంపేస్తోంది. మూట ముడి వెయ్యకముందే బండి కదిలినట్టు. చిన్న పుస్తకాలకి బాగానే ఉంటోంది, పెద్దవాటికి తోక తెగుతోంది. ఇప్పుడు ఫైలు రాసి, మూసి, మొత్తం ఉందని చూసుకున్నాకే బయటికి వదులుతోంది.

చరిత్రా భూగోళమూ తారుమారు కావడం ఇంకా సిగ్గుచేటు. ఇద్దరు మాస్టర్లూ తమ ఫైలుకి 'పాఠం' అనే పేరు పెట్టారు. నేను వాళ్లిచ్చిన పేరుతోనే ఒకే చోట దాచాను. రెండోది వచ్చి మొదటిదాని నెత్తిన కూర్చుంది. ఇప్పుడు వచ్చిన ప్రతి ఫైలుకీ లోపల నేనే వేరే పేరు పెడుతున్నాను. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం వాళ్ల పేరు వాళ్లకే. పిల్లికి కూడా గుమ్మం దగ్గరే కాపలా పెట్టాను. పాఠం కానిదేదీ లోపలికి రాదు.

ఐదో చుక్క మాత్రం దొరకడం లేదు. 'ర' ని చుక్కల్లోకి మార్చేది నా ప్రోగ్రాములో ఒకే ఒక్క వరస. అది తప్పయితే 'ర' ఉన్న ప్రతిచోటా తప్పాలి. అక్కడక్కడ తప్పడం ఏమిటి? కూర్చోలేక లేస్తున్నాను, లేచి మళ్లీ కూర్చుంటున్నాను. మంచినీళ్ల కుండ దాకా వెళ్లి తాగకుండానే తిరిగొస్తున్నానట, పక్కసీటావిడ చెప్పింది. ఏయే పేజీల్లో, ఏయే మాటల్లో పోయిందో రాసి పంపుతావా?

నీ
వసపిట్ట


ప్రెస్సు, ప్రూఫుల గది

వసపిట్టా,

తోకలు అతుక్కున్నాయి. ఎవరి పుస్తకం వాళ్లకే వస్తోంది. ఆ మట్టుకు శభాష్.

చుక్క మాత్రం ఇంకా రాలుతూనే ఉంది. "ఊరు" ఊలయింది, "కారం" కాలమయింది. "నీరు పల్లానికి పారును" అనే వాక్యం నా వేలికింద "నీలు పల్లానికి పాలును" అయింది. పేజీలు అడిగావు. ఏమని చెప్పను? పొద్దున సరిగ్గా ఉన్న మాటే మధ్యాహ్నం మళ్లీ చూస్తే తప్పుగా ఉంటోంది. ఒకే పుస్తకం మళ్లీ అచ్చేస్తే తప్పు ఇంకోచోటికి పోతోంది. నీ సైటు కుదురుగా లేదు, అదే జబ్బు.

అచ్చుయంత్రం సూదులు అరిగాయేమోనని మెకానిక్కుని పిలిపించాం. విప్పి, తుడిచి, మూడు సూదులు మార్చి, "నా మిషను బంగారం, మీ ఇంటర్నెట్టునే అడగండి" అని పోయాడు. అంటే తప్పు నీ దగ్గరే. వాచకం అచ్చు ఆపించాను. సూపర్‌వైజరు నన్ను అడుగుతాడు, నేను నిన్ను అడుగుతాను. నువ్వు ఎవర్ని అడుగుతావో అడుగు.

అన్నయ్య


ఆఫీసు, మూడో అంతస్తు

అన్నయ్యా,

నీ ఉత్తరం చూశాక రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదు. వాచకం మళ్లీ ఎక్కించాను, తిరిగొచ్చిన ఫైలు దించుకున్నాను. మళ్లీ ఎక్కించాను, మళ్లీ దించుకున్నాను. ఎన్నిసార్లు చేసినా ఆ ఫైలుకీ ఈ ఫైలుకీ వెంట్రుకవాసి తేడా లేదు. ప్రతి 'ర' నీ విడిగా ఏరి చూశాను. ఐదో చుక్క ప్రతిచోటా ఉంది. మీ ప్రెస్సు కంప్యూటర్లో దిగిన ఫైలు కూడా తెప్పించుకున్నాను. అందులోనూ ఉంది.

తప్పు నాదైతే ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. ఇదివరకు రెండు ఒప్పుకున్నాను కదా. కానీ లేని తప్పుని ఎలా సరిచెయ్యను? చీకట్లో నల్లపిల్లిని వెతుకుతున్నట్టుంది, అసలు పిల్లి ఉందో లేదో తెలీకుండా.

ఒక్క మాట అడుగుతాను. ఆ పేజీలు ఇంకెవరైనా చదివారా? నీ పక్క బల్ల ఆవిడ కూడా ప్రూఫులు చూస్తుందన్నావు కదా, ఆవిడకీ అలాగే తగులుతోందా?

ఇంకోటి. నీ కిందటి ఉత్తరంలో అక్షరాలు చాలాచోట్ల రెండేసి పడ్డాయి, కొన్నిచోట్ల అసలు పడలేదు. కోపంలో కొట్టావా?

నీ
వసపిట్ట


ప్రెస్సు

చెల్లెలికి,

ఇంకెవరైనా అంటే నీ ఉద్దేశం ఏమిటి?

నువ్వు పలక మీద 'అ' దిద్దుతున్నప్పటికే నేను ఈ వేలితో పుస్తకాలు నమిలి మింగేవాణ్ణి. ఈ గదిలో నేను సరే అన్నాక ఇంకొకరు చూడడమనేది ఇంతవరకు లేదు. మీ ఆఫీసులో నీ పని ఇంకెవరైనా చూశారా అని నేను అడిగానా?

కోపంలో కొట్టాననే అనుకో.

సైటు వాడకం ఆపమని సూపర్‌వైజరు చేత మీ మేనేజరుకి రాయించాను. ఇది నీ మీద కక్ష కాదు. పిల్లల పుస్తకాలు.

అన్నయ్య


ఆఫీసు

అన్నయ్యా,

మీ ఫిర్యాదు అందింది. మేనేజరు తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

తప్పు దొరికింది. 'ర' దగ్గరే. సరిచేశాను. వాచకం మొదటి రెండు పాఠాలు కొత్తగా మార్చి దీనితో పంపుతున్నాను. అచ్చేయించి, నువ్వే స్వయంగా చదివి చెప్పు. నీ మాటే ఆఖరు మాట అని మేనేజరుకి కూడా చెప్పాను.

వదినని అడిగానని చెప్పు.

చెల్లి


ప్రెస్సు, ప్రూఫుల గది

వసపిట్టా,

చదివాను. చూశావా మరి? ఇప్పుడు అన్నీ సరిగ్గా ఉన్నాయి. పేరు పేరులాగే ఉంది, ఊరు ఊళ్లోనే ఉంది. ఈ పని మొదటే చేసి ఉంటే ఇంత రభస ఉండేది కాదు కదా. మీ మేనేజరుకి కూడా బాగుందని రాయించాను. నీకు మాట రాకూడదు.

సైటు మళ్లీ వాడుతున్నాం. వాచకం అచ్చు మొదలైంది. ఈ వారం చకచకా నాలుగు పుస్తకాలు సరే అనేశాను.

కిందటిసారి కాస్త గట్టిగా రాశాను. కంప్యూటరు గొంతు దాన్ని మెత్తగానే చదివి ఉంటుందిలే అనుకున్నాను, తరవాత గుర్తొచ్చింది, నువ్వు కళ్లతో చదువుతావని.

మీ వదిన నీకు పచ్చ స్వెట్టరు అల్లుతోంది. కొలత తెలీక నన్నడిగితే నా భుజం మీద నీ తల ఎక్కడికి వచ్చేదో చూపించాను. అదెప్పటి మాటో.

అన్నయ్య


ఆఫీసు, మూడో అంతస్తు

అన్నయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. గదిలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగితే నేల అరిగిపోతుందని కింది అంతస్తువాళ్లు మనిషిని పంపారు.

నేను ఏమీ మార్చలేదు.

తప్పు దొరకలేదు, సరిచెయ్యలేదు. నీకు పంపింది పాత ఫైలే, అక్షరం పొల్లుపోకుండా. నువ్వు "పేలు" చదివిన ఆ పాఠమే. అది ఇప్పుడు నీకు సరిగ్గా ఉందన్నావు.

నిన్ను పరీక్ష పెట్టాలని కాదు. అబద్ధం, కొంచెం అదే. కానీ నువ్వు "ఇంకా రాలుతోంది" అంటావనే అనుకున్నాను. తిడతావు, నేను మళ్లీ వెతుక్కుంటాను అనుకున్నాను. నువ్వు బాగుందన్నావు. అన్నయ్యా, నువ్వు నా మీద జాలిపడి బాగుందన్నావా? లేక నీ వేలికి తెలియడం లేదా?

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. నా సైటు నిలబడింది, మేనేజరు నవ్వుతున్నాడు, నీ మాట నెగ్గింది. ఎవరికీ ఏ గొడవా లేదు. కానీ ఈ వారం నాలుగు పుస్తకాలు చకచకా సరే అన్నానని రాశావు. నువ్వు చకచకా సరే అనే మనిషివి కాదు. నిజంగా తప్పున్న పేజీ నీ వేలికింద నుంచి జారిపోతే? అది ఏ పిల్ల చేతిలోకో వెళ్తుంది.

రేపు మేనేజరుకి చెప్తున్నాను, నేనేమీ సరిచెయ్యలేదని. సైటుపని వేరేవాళ్లకి ఇచ్చేస్తాడేమో, ఇవ్వనీ. నువ్వు మాత్రం నాకు నిజం రాయి. తిట్టు, కానీ రాయి.

నీ
వసపిట్ట


ఇల్లు, వెనక గది

వసపిట్టా,

జవాబు ఆలస్యమైంది. ఈసారి కీబోర్డు మీద ఎడమ చేతి వేలొక్కటే వాడుతున్నాను. అందుకని అక్షరాలు రెండేసి పడవు.

చాలా రోజుల కిందట, చలి ఇంకా ఉండగానే, పొద్దున్నే లేచేసరికి కుడిచెయ్యి తిమ్మిరెక్కి ఉండేది. విదిలిస్తే పోయేది. తరవాత విదిలించినా పోవడం మానేసింది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ఆలస్యమైంది. ఒకరోజు మీ వదిన వేడివేడి టీ గ్లాసు చేతికిస్తే హాయిగా పట్టుకుని నిలబడ్డాను. "కాలట్లేదా?" అంది. "అంత వేడేం లేదే" అన్నాను. సాయంత్రానికి వేళ్లు బొబ్బలెక్కాయి. స్టవ్వు దగ్గర తగిలిందని చెప్పాను. నమ్మలేదు.

చూపుడువేలి కొస మొద్దుబారింది. దళసరి గుడ్డ మీదనుంచి తాకినట్టుంటుంది. ఎడమవైపు మూడు చుక్కలూ వరసగా ఉంటాయి కాబట్టి తగిలేవి. కుడివైపు ఒంటరి చుక్క, అదే జారిపోయేది. పొద్దున చెయ్యి కాస్త తేటగా ఉన్నప్పుడు 'ర', మధ్యాహ్నం అలిసిపోయాక 'ల'.

మొదట్లో నాకు నిజంగానే తెలీదు. నీ సైటులో తప్పులు ఉండనే ఉన్నాయి కదా. తోక తెగింది, పుస్తకాలు తారుమారయ్యాయి. ఇదీ అలాంటిదే అనుకున్నాను. నువ్వు ఆ రెండూ ఒప్పుకున్నప్పుడు నాకెంత ఊరటగా ఉందో! డాక్టరు దగ్గరికి వెళ్దామని చొక్కా వేసుకున్నవాణ్ణి, విప్పేసి కూర్చున్నాను.

తరవాత తెలిసింది. నువ్వు అడగకముందే, పక్క బల్ల ఆవిడకి ఆ పేజీ ఇచ్చాను, "కాగితం పలచగా ఉన్నట్టుంది, ఓసారి చూడండి" అని. ఆవిడ పైకే చదివింది. "నీ పేరు ఏమిటి?" ఎక్కడా తడబడలేదు. "కాగితం బాగానే ఉందండీ" అని తిరిగి ఇచ్చేసింది. అది మధ్యాహ్నం. ఆ సాయంత్రమే నీకు రాశాను, తప్పు నీ దగ్గరే అని.

ఎందుకు రాశానంటే, నీ మీద పెట్టడం తేలిక. మెకానిక్కు మీద పెడితే పోట్లాటకొస్తాడు. నువ్వయితే తిన్నగా కూర్చుని వెతుకుతావు. నువ్వు వెతుకుతున్నంతసేపూ తప్పు బయటెక్కడో ఉన్నట్టే కదా.

నాకు చూపు లేదని నేనెప్పుడూ బెంగపడలేదు. ఎరగనిదానికి బెంగేమిటి? ఇది అలా కాదు. వినడం వేరు, చదవడం వేరు. ఈ కంప్యూటరు గొంతు ఎన్ని పుస్తకాలు వినిపించినా అది ఎవరో నాకు చెప్పడమే. నా అంతట నేను చదివేది వేలితోనే. అది పోతే ఈ వయసులో నాకు చదువు రాదు వసపిట్టా. అక్షరం ముక్క రాదు.

నువ్వు పంపిన ఆ ఆఖరి పాఠాలు నేను చదవనేలేదు. చెయ్యి పెట్టి తీసేసి, బాగుంది అన్నాను.

సూపర్‌వైజరుకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

అన్నయ్య


ఆఫీసు, మెట్లమీద కూర్చుని

అన్నయ్యా,

ఏడవడం అయిపోయింది, ఇప్పుడు పని మాట్లాడుకుందాం.

ఇక్కడ ఎముకలూ నరాలూ చూసే డాక్టరమ్మని అడిగాను, నీ గురించి రాసినవన్నీ చెప్పి. "బొటనవేలూ, చూపుడువేలూ, నడిమివేలేనా? చిటికెనవేలు బాగానే ఉందా?" అని అడిగింది. నాకేం తెలుసు, నువ్వే గిల్లుకుని చూడు. అది బాగుంటే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చట. చాలామందికి వస్తుందట. పరీక్ష చేస్తే తెలిసిపోతుంది, చిన్న ఆపరేషనుతో ఆ నొక్కు వదిలించొచ్చు. కానీ ఆవిడ ఇంకో మాట కూడా అంది, అదీ దాచను. "ఆలస్యం చేసేకొద్దీ నరం చచ్చిపోతుంది. చచ్చింది లేచి రాదు" అంది.

కాబట్టి అభిమానాలన్నీ మూటగట్టి అటక మీద పడెయ్యి. సూపర్‌వైజరుకి రేపే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను, అది ఇంకా బాగోదు. నువ్వు సరే అన్న నాలుగు పుస్తకాలూ నీ పక్క బల్ల ఆవిడ చేత మళ్లీ చదివించమను.

మేనేజరుకి నేను చెప్పేశాను. ఎగిరాడు. సైటు మట్టుకు నా చేతిలోనే ఉంచాడు, "నీకు తప్ప ఇంకెవరికీ అది అర్థం కాదు" అని. మెచ్చుకోలో తిట్టో తేల్చుకోలేకపోయాను.

శుక్రవారం బస్సెక్కుతున్నాను. ఆస్పత్రిలో నీ పక్కన కూర్చునేది నేనే. వదినకి నిజం ఇవాళే చెప్పు. ఆవిడకి ఎప్పుడో తెలుసనుకో, అయినా నీ నోటితో చెప్పు.

నీ
వసపిట్ట


ఇల్లు, ముందు గది

వసపిట్టా,

ఇది మీ వదిన చేత రాయిస్తున్నాను. నువ్వు తిరిగి వెళ్లాక ఆపరేషను కట్టు మార్చారు. కుట్లు శుభ్రంగా ఉన్నాయట. నొప్పి పెద్దగా లేదు.

(అబద్ధం. రాత్రంతా మూలిగాడు. - వదిన)

సూపర్‌వైజరు వచ్చి చూసి వెళ్లాడు. అరుస్తాడనుకుంటే తల దించుకుని కూర్చున్నాడు. అలా కూర్చున్నాడని మీ వదిన తరవాత చెప్పింది. నేను సరే అన్న పుస్తకాల్లో రెండు నిజమైన తప్పులు దొరికాయట. లెక్కల పుస్తకంలో ఒక చోట కూడిక గుర్తు లేదు. అసలు ఫైల్లోనే లేదట, నీ సైటు తప్పు కాదు. నేను ఆపవలసింది, ఆపలేదు. పక్క బల్ల ఆవిడ ఆపింది. పుస్తకాలు బళ్లు తెరిచాక నాలుగు రోజులకి చేరాయి. సగం ఏడాది కాదు, నాలుగు రోజులు. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలీక రెండూ చేస్తున్నాను.

వేలికి ఇంకా ఏమీ తెలియడం లేదు. రోజుకి పదిసార్లు దువ్వెన పళ్లమీద పెట్టి చూసుకుంటున్నాను.

(పదిసార్లా! ఇంట్లో దువ్వెన ఎవరికీ దొరకడం లేదు. డాక్టరు నెలలు పడుతుందన్నాడు, ఈయన గంటలు లెక్కపెడుతున్నాడు. స్వెట్టరు నీకు పొట్టిదైందని చెప్పావు, విప్పి మళ్లీ మొదలుపెట్టాను. - వదిన)

అన్నయ్య


ఆఫీసు, మూడో అంతస్తు

అన్నయ్యా, వదినా,

వదినా, దువ్వెన తిరిగి ఇచ్చేశాడా?

సైటు గొడవ లేకుండా నడుస్తోంది. అదే వింతగా ఉంది. పొద్దున రాగానే నిన్నటి ఫైళ్లన్నీ ఎక్కినవి ఎక్కినట్టు, తిరిగి వెళ్లినవి వెళ్లినట్టు సరిపోయి కనిపిస్తాయి. తప్పు లేనిచోట నాకేం చెయ్యాలో తోచదు. నిన్న ఊరికే ఆ 'ర' వరస మళ్లీ తెరిచి చూశాను. అక్కడే ఉంది, నాలుగు చుక్కలతో.

కోపగించుకోకు, ఒక ప్రశ్న. ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా. దానితో చదవచ్చుగా?

నీ
వసపిట్ట


ఇల్లు, వెనక గది

వసపిట్టా,

కోపం వచ్చింది. తగ్గాక రాస్తున్నాను.

ఎడమ చేత్తో చదవచ్చుగా అన్నావు. కుడిచేత్తో సంతకం పెట్టేవాణ్ణి ఎడమ కాలితో పెట్టమన్నట్టుంది. నా ఎడమ చెయ్యి ఎప్పుడూ కింది వరస ఎక్కడుందో చూసి పెట్టడానికే, చదవడానికి కాదు. అయినా రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాక మూడో రోజు మొదలుపెట్టాను.

కుడివేలి సంగతి ముందు చెప్తాను, నువ్వు అదే వెతుక్కుంటావు. నిన్న డాక్టరు చూశాడు. నరం కదులుతోందట. వేడీ చల్లనా తెలుస్తున్నాయి, టీ గ్లాసు ఇప్పుడు కాలుతోంది. చుక్కలు మాత్రం ఇంకా మసకే. "రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా మునుపటంత రాకపోవచ్చు" అన్నాడు. తిన్నగా చెప్పినందుకు ఆయన నాకు నచ్చాడు.

ప్రెస్సుకి వెళ్తున్నాను. ప్రూఫుల బల్ల ఇప్పుడు ఆవిడది. నాకు బళ్లవాళ్లతో మాట్లాడే పని ఇచ్చారు. సైటులోకి ఫైలు ఎలా ఎక్కించాలో, ఎలా దించుకోవాలో ఫోన్లో చెప్తాను. మొదటిరోజు అవమానంగా అనిపించింది. రెండో రోజు ఒక మాస్టారికి చెప్తుంటే తెలిసింది, ఇంత గొడవ చేసిన ఆ సైటులోకి నేను ఒక్కసారి కూడా ఏదీ ఎక్కించి ఎరగనని. తిరిగొచ్చినవాటిలో తప్పులు ఏరడమే తప్ప.

అందుకని నేనే ఎక్కించాను. ఒక నవల. ఎప్పుడూ పేరు వినడమే కానీ చదవనిది. ఎక్కించమన్న చోట నొక్కాను. కంప్యూటరు గొంతు "ఫైలు అందింది" అంది. కాసేపటికి "మీ ఫైలు సిద్ధంగా ఉంది" అంది. కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డానంటే నమ్ముతావా? అచ్చేసి, కట్ట కట్టి, చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఎడమ చూపుడువేలితో చదువుతున్నాను. ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, తడిమి, ఇది ఫలానా అనుకుని, ముందుకి. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాను. వెనక్కి వెళ్తాను. ఒక పేజీకి ఒక సాయంత్రం చాలడం లేదు. నిన్న విసుగొచ్చి కట్ట గోడకేసి కొట్టాను. మీ వదిన తీసి, దులిపి, మళ్లీ నా ఒళ్లో పెట్టింది.

ఇన్నేళ్లూ పుస్తకాలు చదివాననే అనుకున్నాను. చదవలేదు, తప్పులు వెతికాను. ఏ కథైనా నా వేలికింద పరుగెత్తి పోయేది, ఎవరు బతికారో ఎవరు పోయారో పట్టకుండానే. ఇప్పుడలా కుదరదు. ఇందులో ఒక పిల్ల ఉంది. ఇంట్లోంచి కోపంగా వెళ్లిపోయి, ఏళ్ల తరవాత అక్క ఇంటికి వచ్చింది. జోరున వాన. సోమవారం నుంచి ఆ వానలోనే నిలబడి ఉంది. నేను నడిపిస్తేనే కదా అది కదిలేది. మంగళవారం గేటు తీసింది. నిన్న మెట్లెక్కింది. ఏమవుతుందో చెప్పవే అని మీ వదినని బతిమాలాను. ఆవిడ ఆ నవల ఎప్పుడో చదివింది. "నువ్వే చదువుకో" అని వంటింట్లోకి పోయింది.

ఇవాళ సాయంత్రం ఆ పిల్ల తలుపు తట్టింది. లోపల అడుగుల చప్పుడు వినిపించింది. అక్కడితో పేజీ అయిపోయింది, నా వేలు కూడా.

ఉంటాను. తెల్లారితే తలుపు తెరుస్తారో లేదో చూడాలి.

అన్నయ్య